ఆగండాగండి మామగారు

మా మామగారు ఏ మనిషినీ ఒక్కసారికి వదలరు. సామాను కొనుక్కుని, మెట్లు దిగి, వీధి మలుపు దాకా వెళ్ళినవాళ్ళను కూడా "ఆగండాగండి!" అని కేకేసి వెనక్కి పిలిస్తే గాని ఆయనకు బేరం పూర్తయినట్టుండదు. బోర్డు మీద ఏ పేరున్నా, జనం నోట్లో మాత్రం మా హోల్‌సేల్ సరుకుల కొట్టు పేరు 'ఆగండాగండి కొట్టు'.

వెనక్కి పిలిచి చెప్పేది రాచకార్యమా అంటే, అదీ కాదు. "పప్పు పోసేముందు డబ్బా బాగా ఆరనివ్వండి." అంతే! నేను కాన్పుకు ఆసుపత్రికి బయల్దేరితే, కదిలిన కారు ఆపించి, రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, "ధైర్యంగా ఉండమ్మాయ్" అన్నారు. ఆ మాట అప్పటికే గుమ్మంలో రెండుసార్లు చెప్పారు.

లారీల్లో వచ్చే సరుకు దించడానికి చోటు చాలక మా ఆయన ముందు గదిలోని చిల్లర కౌంటర్ ఎత్తేసి, ఆ అమ్మకమంతా ఆన్‌లైన్‌లో పెట్టారు. చూసుకునే పని నాది. "ఎండాకాలం లోపల కుదురుకోకపోతే చిల్లర అమ్మకమే మానేద్దాం" అని తేల్చేశారు. నాకు పంతం పట్టుకుంది.

మెట్ల మీద పిలవడానికి మనిషి లేక మామగారు కొన్నాళ్ళు కాలుగాలిన పిల్లిలా తిరిగారు. ఆ తర్వాత ఫోన్ అందుకున్నారు. ఆర్డర్ పెట్టిన వాళ్ళందరికీ ఫోన్లే.

"ఆగండాగండి! నూనె డబ్బా మూత తిప్పాలి, లాగకూడదు."

"స్నానం చేస్తున్నానండీ!"

"కానివ్వండి, కానివ్వండి. ఫోను తడుస్తుంది, జాగ్రత్త."

ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి. ఒకాయనైతే "సరుకు బంగారం, ఫోన్లు భరించలేం" అని అందరూ చదివేలా రాసిపెట్టాడు. ఇలాగైతే కొంప మునుగుతుందని, మామగారికి ఓ దణ్ణం పెట్టి ఫోన్ తీసేసుకున్నాను. ఆయన చిన్నబుచ్చుకుని సరుకు కట్టే బల్ల దగ్గర కూర్చున్నారు.

ఆ వారమే పక్కవీధి దర్జీ ఉప్పు ఆర్డర్ పెట్టాడు. రెండు రోజులకు మళ్ళీ ఉప్పు. ఆ తర్వాత మళ్ళీ ఉప్పే. గిరాకీ కుదిరిందని నేను మురిసిపోతూ పొట్లం కడుతుంటే, వెనకనుంచి కేక.

"ఆగండాగండి! ఆ ఫోనిటివ్వమ్మాయ్."

అడిగిన తీరు చూసి ఇచ్చేశాను.

"ఏమయ్యా దర్జీ, మా కోడలు నీకు చక్కెరకు బదులు ఉప్పు పంపుతోంది. చూపు సరిగ్గా ఆనదు పాపం. ఏమీ అనుకోకు, చక్కెర పంపిస్తున్నా."

"అట్లా చెప్పండి షావుకారుగారూ! నేనే తప్పు నొక్కానేమోనని అడగలేకపోయా. టీ తాగి ఎన్నాళ్ళయిందో!"

నాకు ఒళ్ళు మండింది. "నా చూపుకేం వచ్చింది మామయ్యగారూ? ఆయన నొక్కిందే ఉప్పు!"

"అతనికి చదువు రాదమ్మాయ్. బొమ్మ చూసి నొక్కుతాడు. మన పొట్లాలు రెండూ తెల్లగానే ఉంటాయాయె. నలుగురిలో అడగడానికి సిగ్గు. అందుకే మెట్లు దిగాక పిలిచి, ఏ పొట్లంలో ఏముందో మెల్లిగా చెప్పేవాణ్ణి."

"మరి మిగతా అందర్నీ ఎందుకు పిలవడం?"

"ఒక్కణ్ణే పిలిస్తే అందరూ చూస్తారు. అందర్నీ పిలిస్తే ఎవడు చూస్తాడు? పిచ్చి షావుకారు అనుకుంటారు, అంతేగా!"

ఆ క్షణాన మా మామగారి మీద పుట్టినంత ప్రేమ నాకు మా ఆయన మీద కూడా ఎప్పుడూ పుట్టలేదు. ఫోన్ ఆయన దగ్గరే ఉంచేశాను. ఉప్పు పొట్లాలకు నీలం కాగితం చుట్టించి, బొమ్మ కూడా మార్పించాను. ఫిర్యాదులు ఆగలేదు, ఆర్డర్లూ ఆగలేదు. ఫోను రావడం ఆలస్యమైతే "షావుకారుగారికి ఒంట్లో బాగాలేదా?" అని జనమే ఫోన్ చేస్తున్నారు. ఎండాకాలం వచ్చి వెళ్ళినా, మానేసే మాట మా ఆయన ఎత్తలేదు.

నిన్న దర్జీ కుట్టిన బట్టలు ఇచ్చి వెళ్ళాడు. నేను తలుపు వేయబోతుంటే మెట్ల కిందనుంచి, "ఆగండాగండి!"

మళ్ళీ ఎక్కి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఏమీ అనుకోకండమ్మా. కళ్ళు డాక్టరుకు చూపించుకున్నారా?"

"చూపించుకున్నానండీ" అన్నాను. "ఇప్పుడు బాగానే కనబడుతోంది."