నల్లా మోటారు

మొన్న ఉప్పుగూడలో పాతిల్లు ఖాళీ చేస్తుంటే, పాత సామాన్లాయన మెట్ల కిందనుంచి నల్లా మోటారును బయటికి లాగాడు. తడి ఇనుము వాసన గుప్పుమంది. దాంతోపాటే నా ఎనిమిదో ఏటి ఆషాఢం కళ్లముందుకొచ్చింది.

పసుపు పూసి ఆరబెట్టిన బోనాల కుండలు, వేపాకు కట్టలు, పొయ్యి మీద కుతకుతమనే బెల్లం పరమాన్నం, అమ్మ గడప నుంచి గల్లీ మూల దాకా కడిగి వేసే ముగ్గులు, ఆ తడిలో జారుతూ కేరింతలు కొట్టే నేనూ, చెల్లెలూ. బాపుకి కిరాణా దుకాణం ఉండేది కనుక మాకు మోటారుండేది. సాయంత్రం నీళ్లొచ్చే నల్లాకు దాన్ని తగిలిస్తే గల్లీ నీళ్లన్నీ మా ఇంటి హౌజు తొట్టిలోకే ఉరికొచ్చేవి. చివరింటి లక్ష్మక్కకు మోటారు లేదు. మేం లాగగా మిగిలింది, పగిలిన పైపులోకి దూరిన మోరీ మురుగునీళ్లతో కలిసి ఆమె బిందెలో సన్నగా పడేది. ఆమె భర్తది ఫలక్‌నుమాలో వెల్డింగ్ పని. పోని రోజు కూలి లేదు.

బోనాల ముందురోజు ఆమె ఏడాది నిండని కొడుకును భుజానేసుకొని మా గడపలోకి వచ్చింది.

"వదినా, జరసేపు మోటర్ బంద్ పెట్టున్రి. మోరీ నీళ్లే వస్తున్నయ్. పిలగానికి నిన్నటి సంది ఒకటే మోషన్లు."

"పండుగ పూట ఏంది గీ లొల్లి? కాగవెట్టి తాపరాదు?" అంది అమ్మ.

"గ్యాసునూనె వంటకే సాల్తలేదు వదినా."

అమ్మ గిన్నెడు పరమాన్నం ఇచ్చి పంపింది. మా అమ్మది ఎంత మంచి మనసో అని మురిసిపోయాను. మోటారు మాత్రం ఆపలేదు.

పండుగ మర్నాడు పిల్లాడు పోయాడు. దవాఖానకు ఆలస్యంగా తెచ్చారని డాక్టరు తిట్టాడట.

పిల్లాణ్ని మట్టి చేసి వచ్చిన బాపు, తలస్నానం చెయ్యనిదే లోపలికి రాకూడదని వాకిట్లోనే ఆగిపోయాడు. అప్పుడే నల్లా వచ్చింది. అమ్మ గబగబా మోటారు వేసింది. గల్లీ చివర లక్ష్మక్క భర్త, అదే మట్టి చేతులతో, తన నల్లా కింద ఖాళీ బకెట్ పెట్టుకొని నిలబడి ఉన్నాడు. బాపు అటు చూడలేదు. చెంబు మీద చెంబు పోసుకున్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇప్పుడా గల్లీలో ముగ్గులు లేవు, లక్ష్మక్క ఇల్లూ లేదు. వాళ్లెటు పోయారో మేమెవరం అడగలేదు.

"అమ్మా, గిది నడుస్తదా? నడిస్తే ఎవరింట్లనన్న పెట్టిస్త" అన్నాడు పాత సామాన్లాయన.

"నడ్వది. పలగ్గొట్టు" అన్నాను.

అబద్ధమే. అది ఒక్కనాడూ ఆగలేదు.