పెట్రోలు మూత మీద బొట్టు

మా తోడల్లుడు పోయారు. మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తింటుండగా మా ఆవిడ ఫోన్ చేసి, "బావగారు లేరండీ, గుండెపోటట" అని ఏడ్చింది. డబ్బా మూతపెట్టి, చెయ్యి కడుక్కుని మెట్లు దిగుతుంటే నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో దాచుకోను. అత్తగారింట్లో ఇంక ఈయన్ని ఎవరూ దాటలేరు అనుకున్నాను. బతికున్న మనిషితో అయితే ఏదో ఒక పండక్కి కాస్త పైచెయ్యి అనిపించుకోవచ్చు. పోయినవాళ్ళతో పోటీ ఏం పడతాం?

ఆయన మా ఆవిడ అక్కని చేసుకున్నారు కాబట్టి పెద్దల్లుడు, నేను చిన్నల్లుణ్ణి. అత్తగారిల్లు కూచిపూడి పక్కన పల్లె. ఆయనది తెనాలిలో బ్యాంకు ఉద్యోగం, నాది బెజవాడలో ఇన్సూరెన్సు ఉద్యోగం. చదువులో, హోదాలో నాకేం తక్కువ లేదు. జుట్టు విషయంలో నేనే నయం. అయినా ఆయన వస్తున్నారంటే అత్తగారు ముందురోజే పెసలు నానబోసేవారు. నేను వస్తున్నానంటే, "రండి బాబూ, ఉన్నదేదో తిందురు గాని" అనేవారు. రెండూ ప్రేమేనని మా ఆవిడ అంటుంది. పెసరట్టు తిన్నవాళ్ళకి అలాగే అనిపిస్తుంది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. ఆ సామెత పుట్టించినవాళ్ళకి అల్లుళ్ళ సంగతి తెలిసినట్టు లేదు. మా తోడల్లుడు నన్ను చూసి ఒక్కసారి నవ్వినా బాగుండేది, ఆయన మీద నాలుగు మాటలు చెప్పుకునే వీలుండేది. ఆయన నవ్వలేదు. "తమ్ముడూ" అనే పిలిచారు, చివరిదాకా.

ఆయనకున్న అలవాటల్లా అడగడం. పులుసు బాగుందని ఊరుకునేవారు కాదు. "ఈసారి బెల్లం మార్చారా అత్తయ్యగారూ?" అనేవారు. ఇంక అత్తగారు ఆ బెల్లం ఎవరింట్లో వండారో, పాకం ఎందుకు ముదిరిందో మొదలుపెట్టేవారు. ఆయన చెయ్యి ఎండిపోయేదాకా విస్తరి ముందు కూర్చుని వినేవారు. బోరు మోటారు ఆగినా, మామగారికి మోకాలు నొప్పి వచ్చినా ఆయన మాట ఒకటే. "ఏం పాడైందో తర్వాత చూద్దాం. ముందు ఏం మారిందో చెప్పండి." ఆ మాటని నేను ఇంటికొచ్చి ఆయన గొంతుతో అనుకరించేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది కాదు.

మామగారికి ఒక పాత తెల్ల పెట్రోలు కారు ఉంది. ఎవరు ఎన్ని చెప్పినా అమ్మరు. కొన్నేళ్ళ క్రితం దసరా వెళ్ళాక అది నీరసపడటం మొదలైంది. ఊళ్ళో తిరిగితే బాగానే ఉండేది. బందరు రోడ్డెక్కి కొంత దూరం పోగానే లాగడం మానేసేది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా వేగం తగ్గిపోయి, చివరికి పక్కకి ఆపాల్సి వచ్చేది. మామగారు నాకు ఫోన్ చేశారు. "చిన్నల్లుడుగారూ, ఆటోనగర్ మీకు దగ్గర కదండీ, మీరే చూడాలి దీన్ని." అన్నేళ్ళలో నన్ను ముందు పిలిచిన పని అదొక్కటే. ఆ రోజు ఆఫీసులో అందరికీ టీ ఇప్పించాను.

ప్లగ్గులు మార్పించాను. కార్బురేటర్ విప్పించి కడిగించాను. పెట్రోలు పంపు కొత్తది వేయించాను. బెంజి సర్కిల్ చుట్టూ తిప్పితే కారు బ్రహ్మాండంగా నడిచింది. ఆ తర్వాత అందరం ఒక పెళ్ళికి బయల్దేరాం. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన మామగారు, వెనక పట్టుచీరలో అత్తగారు. ఉయ్యూరు దాటాక బండి మళ్ళీ నీరసించింది. చెరుకు లారీలు హారన్ కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోతున్నాయి. మామగారు దిగి పెట్రోలు మూత తీసి లోపలికి చూశారు. "నిండానే ఉందండీ" అన్నారు. స్టార్ట్ చేస్తే కదిలింది. అత్తగారు వెనకనుంచి నెమ్మదిగా, "పెద్దల్లుడుగారికి ఒక మాట చెబితేనో" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఆదివారం ఆయన వచ్చారు. బానెట్ ఎత్తలేదు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతూ అడగడం మొదలుపెట్టారు.

"దసరా ముందు బాగానే ఉందాండీ మావయ్యగారూ?"

"భేషుగ్గా ఉందండీ."

"ఆగిపోయాక మళ్ళీ ఎలా కదులుతోంది?"

"ఏముందండీ, పెట్రోలు ఉందో లేదోనని మూత తీసి చూస్తాను. ఆనక నడుస్తుంది."

"తీసినప్పుడు చప్పుడేమన్నా వస్తోందా?"

"సోడా కొట్టినట్టు సుయ్‌మంటుందండీ."

ఆ చప్పుడు నేనూ విన్నాను. ఉయ్యూరు రోడ్డు మీద పక్కనే నిలబడి విన్నాను.

ఆయన లేచి కారు వెనక్కి నడిచారు, నేనూ వెళ్ళాను. పెట్రోలు మూత మీద ఎండిపోయిన పెద్ద బొట్టు ఉంది. ఆయుధపూజ నాడు అత్తగారు బండికంతా బొట్లు పెడతారు. ఆ ఏడు, బండి అన్నం తినే నోరు ఇదే కదా అని మూతకి కూడా గంధం దట్టంగా పట్టించి, పైన కుంకుమ పెట్టారు. ఆ మూత మధ్యలో చిన్న బెజ్జం ఉంటుంది. టాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ అందులోంచి గాలి లోపలికి పోవాలి. గాలి పోకపోతే పెట్రోలు ఇంజనుకి అందదు. గంధం ఎండి ఆ బెజ్జాన్ని మూసేసింది. మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి పోయి, మళ్ళీ కాస్త దూరం నడిచేది.

నేను నోరు తెరిచాను. అప్పటికే అత్తగారు మా వెనక నిలబడి, "ఏమైందండీ?" అంటున్నారు. ఆయన నా మణికట్టు పట్టుకుని నొక్కారు. "దుమ్మండీ అత్తయ్యగారూ. ఒక పిన్నీసు ఇప్పిస్తారా?"

అత్తగారు గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చారు. ఆయన దానితో బెజ్జం శుభ్రం చేసి, జేబురుమాలుతో మూత తుడిచారు. "మీ బొట్టు చెరిగిపోయిందండీ. ఈసారి ఈ మూల కాకుండా డిక్కీ మధ్యలో పెట్టండి, వెనకొచ్చేవాళ్ళందరికీ కనబడుతుంది" అన్నారు. అత్తగారు మురిసిపోయి అప్పటికప్పుడే కుంకుమ భరిణె తెచ్చారు.

బెజ్జం ఇవాళ కాకపోతే రేపు నేనూ కనిపెట్టేవాణ్ణి. ఆ డిక్కీ మాట మాత్రం ఏడాది ఆలోచించినా నాకు తట్టదు. నాకు కుళ్ళు పుట్టింది దానికే. పైగా భోజనాల దగ్గర, "తమ్ముడు ప్లగ్గులూ పంపూ అన్నీ బాగుచేయించాడు కాబట్టి, లోపం వాటిలో లేదని తేలిందండీ. లేకపోతే నావల్ల అయ్యేది కాదు" అన్నారు. అది నిజమే కూడా. అబద్ధమైతే హాయిగా కోప్పడేవాణ్ణి.

మామగారికి చూపు మందగించాక కారు ఎవరు తోలాలన్న ప్రశ్నే రాలేదు. తాళంచెవి పెద్దల్లుడి చేతికే వెళ్ళేది. నేను వెనకసీట్లో అత్తగారికీ కొబ్బరికాయల సంచికీ మధ్య కూర్చునేవాణ్ణి. ఒక్కసారి మామగారు ఆ తాళం నా చేతిలో పెడితే చాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. మా తోడల్లుడికి అదీ తెలిసిపోయింది. "నువ్వు తోలతావా తమ్ముడూ?" అని ఒక పండక్కి అడిగారు. వద్దన్నాను. ఆయన ఇస్తే పుచ్చుకునేది కాదది. ఇప్పుడు ఆలోచిస్తే, కుళ్ళుకోవడానికి అంత తగిన మనిషి దొరకడం నా అదృష్టమే. మిగతావాళ్ళెవరి మీదా నాకు అంత మనసు పెట్టబుద్ధి కాలేదు.

తెనాలిలో పెద్దకర్మ అయ్యాక, వదినగారిని కొన్నాళ్ళు పుట్టింట్లో ఉంచుకుంటామని అత్తగారన్నారు. ఆవిడని తీసుకురావడానికి బయల్దేరే రోజు పొద్దున మామగారు గుమ్మంలోకి వచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇంక మీరేనండీ" అన్నారు. పుచ్చుకుని కారు దగ్గరికి నడిచాను.

తలుపు తీసి కూర్చుంటే క్లచ్చికి నా కాలు అందలేదు. మా తోడల్లుడు నాకంటే జానెడు పొడుగు. సీటు ఆయన కాళ్ళకి సరిపడా వెనక్కి జరిపి ఉంది. పక్కన కూర్చున్న మామగారు, "ముందుకి జరుపుకోండి, కింద మీట ఉంటుంది" అన్నారు. వంగి దాని మీద చెయ్యి వేశాను. జరపకుండానే చెయ్యి తీసేశాను.

"ఫర్వాలేదండీ, అందుతోంది" అన్నాను.

సీటు అంచుకి జరిగి కూర్చుని బండి తీశాను. పులిగడ్డ వంతెన ఎక్కేసరికి ఎదురుగాలి బాగా ఉంది. మామగారు కిటికీలోంచి కృష్ణని చూస్తూ, "బాగా లాగుతోందండీ" అన్నారు. ఆ మెప్పు నాకో మా తోడల్లుడికో అడగలేదు. నడుం నొప్పి పుడుతున్నా వెనక్కి వాలలేదు. నా వీపుకీ సీటుకీ మధ్య ఆయన పట్టేంత చోటు ఖాళీగా ఉంది.