ఆసుపత్రిని అమ్మారు, మా డాక్టరేడీ?

ఆ రోజు సైట్‌లో పైపులను కలిపే ఒకే క్లాంపును పదకొండుసార్లు బిగించాను. పరంజా కట్టే పని నాది, ఇక్కడ ఖతర్‌లో స్కాఫోల్డింగ్ అంటారు. బిగించిన ప్రతిసారీ కింద నుంచి ఎవరో "లూజుగ వదిలిండు, మనుషులు సస్తరు" అంటున్నట్టు వినిపించింది. దిగి చూస్తే ఎవరూ లేరు. ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతుంటే అక్కడే కూలబడి ఏడ్చాను.

అప్పటికే రెండు వారాలుగా నిద్ర లేదు. మేముండే లేబర్ క్యాంప్ క్లినిక్‌లో గ్యాస్ట్రిక్ మాత్ర ఇచ్చి డ్యూటీకి పొమ్మన్నారు. నా కింది మంచం మా ఊరి రాజేశమన్నది. ఆయనే నన్ను బతిమాలి పెద్ద డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లాడు. థైరాయిడ్, బ్లడ్ టెస్టులు, సీటీ స్కాన్ అన్నీ నార్మల్. చివరికి మదీనత్ ఖలీఫా అనే పేటలో ఒక విల్లాలో నడిచే చిన్న మానసిక ఆసుపత్రికి పంపారు. పిచ్చాసుపత్రికి రానని గేటు దగ్గర మొండికేశాను.

"పిచ్చి గాదు తమ్మీ, నిద్ర కోసం పోతున్నం, నడువ్," అన్నాడు రాజేశమన్న.

డాక్టర్ హిందీలో, "సివియర్ డిప్రెషన్. ఆవాజ్ భీ బీమారీ హై, కమ్‌జోరీ నహీ," అన్నాడు. గొంతులు వినిపించడం కూడా జబ్బేనట, నా చేతకానితనం కాదట. విజయనగరం నుంచి వచ్చిన సిస్టర్ ఒకామె పక్కన కూర్చుని, "నీ మాటలోనే చెప్పు బాబూ, డాక్టరు గారికి నేను చెప్తాను," అంది. కంపెనీలో జ్వరమని చెప్పి పంతొమ్మిది రోజులు ఉన్నాను. నాలుగో రోజు నిద్ర పట్టింది, రెండు నెలలకు గొంతులు ఆగాయి. తర్వాత నెలనెలా ఫాలో-అప్.

ఏడాది తిరిగేసరికి మూసేస్తున్నామన్నారు. రోగులందరినీ కూర్చోబెట్టి మేనేజర్ చెప్పాడు: విల్లా అమ్మగా వచ్చే డబ్బంతా మా కోసమేనట, మా క్యాంపులుండే ఇండస్ట్రియల్ ఏరియాలో క్లినిక్ పెడతారట, క్యాంపులకు డాక్టరుతో వ్యాన్ వస్తుందట. ఆలోచన మంచిదే, ఇప్పటికీ అదే అంటాను. డ్యూటీ మానుకుని, రెండు బస్సులు మారి వెళ్లే బాధ తప్పేది. నేను చప్పట్లు కూడా కొట్టాను. అది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

వ్యాన్ రాలేదు. ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. డాక్టరు ఎటు పోయాడో తెలియలేదు, సిస్టర్‌ను ఇంటికి పంపించేశారు. మాత్రలు తరిగిపోతుంటే సగం సగం మింగాను. అప్పుడే రాజేశమన్న లీవుకు వెళ్లాడు. లీవు నుంచి వచ్చేవాడి పెట్టెలో గదిలోవాళ్లందరి పొట్లాలూ రావడం మా రివాజు, ఎవరూ కాదనరు. నా భార్య నేను పంపిన ఖాళీ స్ట్రిప్ ఫోటో చూపించి, జగిత్యాలలో చీటీ లేకుండానే ఆరు నెలల మాత్రలు కొని, మామిడికాయ తొక్కు డబ్బాతో కలిపి కట్టిచ్చింది. అడిగింది నేనే. తొక్కు తెచ్చుకున్నట్టే మందూ తెచ్చుకోవచ్చనుకున్నాను.

ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్‌లో పట్టుకున్నారు. ప్రిస్క్రిప్షన్ లేకుండా అలాంటి మాత్రలు తెస్తే ఇక్కడ కేసవుతుంది. ఎవరివని అడిగితే, నా పేరు చెబితే కంపెనీ నన్ను తీసేస్తుందని, "నాయే" అన్నాడట ఆ మహానుభావుడు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, మాత్రలు తీసుకుని, సంతకం పెట్టించుకుని వదిలారు. గదికొచ్చి, "గోలీలు మాఫీ తమ్మీ," అని తొక్కు డబ్బా ఒక్కటే నా చేతిలో పెట్టాడు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేవని.

వారం తిరగకుండా ఆ గొంతు మళ్లీ వచ్చింది. మూడో అంతస్తు ఎత్తులో ఉన్నాను. సేఫ్టీ బెల్టు తీసెయ్యమంది. తీయలేదు. మెల్లగా దిగి, తిన్నగా క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్లి మొదటిసారి నిజం చెప్పాను. "నాకు మనసు జబ్బున్నది సార్, మందుల్లేవు." ఆయన మర్యాదగానే గవర్నమెంటు ఆసుపత్రికి పంపాడు. పాత ఫైలు లేదు కాబట్టి అక్కడ డాక్టర్ మొదటి నుంచి మొదలుపెట్టింది. డోస్ కుదరడానికే మూడు నెలలు పట్టింది.

పాత యజమానులు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ దగ్గర జుట్టు మొలిపించే సెంటర్ తెరిచారని తెలిసి వెళ్లాను. అదే మేనేజర్. వ్యాన్ ఏదని అడిగాను. ప్లానింగ్‌లో ఉందన్నాడు. నా బట్టతల చూసి డిస్కౌంట్ కార్డు ఇచ్చాడు. ముక్కలు చేసి వాడి బల్ల మీదే పోశాను.

ఇప్పుడు స్టోర్‌లో డ్యూటీ చేస్తున్నాను. గొంతులు లేవు, నిద్ర ఉంది, కోపం కూడా ఉంది. మొన్న నా భార్య ఫోన్‌లో అంది, "ఆళ్ల ఇల్లు ఆళ్లు అమ్ముకున్నరు. అండ్ల మనకేం రావాలె?"

"ఒక డాక్టరు రావాలె," అన్నాను.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీ ఆసుపత్రి మూతపడుతుందని తెలిసిన రోజే ఫైలు కాపీ, జబ్బు పేరూ డోసూ రాసిన ప్రిస్క్రిప్షన్, వచ్చే నెల మిమ్మల్ని చూడబోయే డాక్టరు పేరు, తేదీ కాగితం మీద రాయించుకోండి. ఇచ్చేదాకా కుర్చీలోంచి లేవకండి. నేను లేచి వచ్చేశాను.