మెడ పట్టీ లేని నాలుగు చిలుకలు

కరోనా తగ్గిన మరుసటి ఏడు మాఘమాసంలో నన్ను శామీర్‌పేట సెక్షన్ ఆఫీసరుగా వేశారు. అటవీ శాఖలో అది బీట్ ఆఫీసరుకు పైమెట్టు, రేంజరుకు కిందిమెట్టు. అంతకుముందు సర్వీసంతా కలప చెక్‌పోస్టుల్లోనే. టేకు దుంగను చూసి వయసు చెప్పగలను గానీ పిట్టల సంగతి నాకు తెలియదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, చేరిన వారానికే కేసు పట్టాను.

లాల్‌గడి మలక్‌పేట్‌లో జామతోట రైతు ఖాజామియా చిలుక పిల్లల్ని దాచాడని ఫిర్యాదు వచ్చింది. వెళ్లి చూస్తే గంప కింద నాలుగు రామచిలుకలు. చెట్టు తొర్రల్లోంచి పిల్లల్ని దొంగిలించి అమ్మే కాలం అది. పెద్ద చిలుకకు మెడ చుట్టూ పట్టీ ఉంటుందని మాత్రం విన్నాను. వీటికి లేదు. సాక్షుల ముందు రాసే పంచనామాలో ‘నాలుగు పిల్లలు’ అని రాసేశాను. పిల్లల వ్యాపారం కేసంటే మనిషి రిమాండుకు పోతాడు.

కాయలకు కప్పిన వలలో చిక్కుకుంటే విడిపించానని, తేరుకున్నాక వదులుదామనుకున్నానని ఖాజామియా చెప్పాడు. పట్టుబడ్డవాళ్లంతా ఇదే చెబుతారని నేను వినిపించుకోలేదు.

సాక్షులు సంతకానికి వంగేసరికి అతని భార్య మహబూబీ గంప అంచు కొంచెం ఎత్తి పట్టుకుంది.

“పిల్లలు గావు సార్, కండ్లు సూడుండ్రి. పిల్లదైతే కన్ను నల్లగుంటది, ముక్కు లేతగుంటది, తోక గింతే ఉంటది. పట్టీ ఆడదానికి రాదు. మగదానికి గూడ రెండేండ్లు దాటినంకనే. రోజూ మా కాయలు తినేటియే, మాకు తెల్వదా?”

పప్పులో కాలేశానని అప్పుడు తోచింది. వంగి చూశాను. కంటిపాప చుట్టూ లేత పసుపు, ముదురెర్ర ముక్కు, జానెడు తోక. ఒకదాని కాలికి వల దారం ఇంకా చుట్టుకునే ఉంది. ఫొటోలు పంపితే రేంజర్ గారు ఆమె మాటే ఖాయం చేశారు.

“సంతకాలు కాలేదు గద? బతికినవ్ పో,” అన్నారు.

నిజంగానే ప్రాణం కుదుటపడింది. పంచనామా మళ్లీ రాసి, వల బిగించి కట్టుకోమని ఖాజామియాను హెచ్చరించి, కాలి దారం తీయించి చిలుకల్ని వదిలించాను. అవి తిన్నగా జామచెట్టు మీదే వాలాయి.

“మళ్ల నా కాయలకే పోయినయ్ సార్,” అన్నాడతను. అందరం నవ్వాం.

రిటైరయ్యేదాకా ప్రతి పంచనామాలో కన్ను, ముక్కు, తోక ముందు రాశాను. వయసు ఆఖరున రాశాను. ఆ వరుస తప్పినందుకు ఆ రోజు జైలుకు పోయి ఉండేది నేను కాదు, ఖాజామియా.