పై చార్టు ప్రసన్నకుమారిగారు

పెద్దాపురం రోడ్డులోని మా పచ్చళ్ల కంపెనీకి కంప్యూటరు వచ్చిన రోజు, టైపిస్టు ప్రసన్నకుమారిగారు దానికి బొట్టు పెట్టి, గబగబా వెనక్కి జరిగారు. కుక్కని నిమిరి చెయ్యి లాక్కున్నట్టు.

ఏళ్ల తరబడి టైపు మిషను కొట్టిన వేళ్లు ఆవిడవి. మౌసు పట్టుకుంటే మాత్రం దారి తప్పేవి. తెర మీద బాణం గుర్తు కాస్త పక్కకి పోతే చాలు, "పోయిందండీ, పోయింది!" అని కేకేసేవారు. పక్క బల్ల దగ్గర స్టాకు రాసుకునే నేను, కరెంటు పోయినప్పుడల్లా "ఏం నొక్కారండీ, ఊరంతా చీకటైపోయింది" అనేవాణ్ణి. ఆవిడ నవ్వేవారు కాదు.

నవ్వు ఎలా వస్తుంది? యజమాని చంద్రరావుగారు మెత్తగానే చెప్పారు. "చవితి లోపు ఈ పెట్టె నీ మాట వినకపోతే రాజమండ్రిలో కోర్సు చేసిన పిల్లని పెట్టుకుంటానమ్మా. ఏమనుకోకు." ఊళ్లో టైపు మిషన్లు పాత ఇనప సామాన్ల కొట్టుకి పోతున్న రోజులవి. ఆ వయసులో టైపిస్టుకి ఇంకో ఉద్యోగం ఎవరిస్తారు?

ఇంతలో విశాఖపట్నం నుంచి ఫోనొచ్చింది. అక్కడి పెద్ద దుకాణాలకి సరుకు కొనే విశ్వనాథ్‌గారు మర్నాడే వస్తున్నారట. చంద్రరావుగారు హడావుడిగా వచ్చారు.

"ఆవకాయలో, మాగాయలో, గోంగూరలో ఉప్పెంత, కారమెంత, నూనెంత, అన్నీ కంప్యూటర్లో వేసి పై చార్టు పెట్టాలటమ్మా. పై చార్టు, మర్చిపోకు. అది సరిగ్గా రాకపోయిందో..."

మిగతాది ఆయన చెప్పలేదు. ఆవిడకి వినపడింది.

సాయంత్రానికి ఎక్సెల్‌లో రంగురంగుల కడ్డీలు లేచాయి. కానీ అంకెల కింద లేచాయి. వాటిని పైకి లాగబోతే అంకెల మీద పడ్డాయి. "పోయిందండీ!" మళ్లీ లాగారు. చివరికి చార్టు పైన, అంకెలు కింద కుదిరాక, చీర కొంగుతో మెడ తుడుచుకున్నారు.

మర్నాడు విశ్వనాథ్‌గారు కాగితం చూశారు.

"బావుందండి. మరి పై చార్టేదీ?"

"అదేనండి. పైనే పెట్టాను."

"ఇది కాదమ్మా. పై!"

ఆవిడ కాగితం పై అంచు తడిమి చూశారు. "ఇంకా పైకంటే... కాగితం అయిపోయిందండి."

చంద్రరావుగారి కళ్లు ఎర్రబడ్డాయి. ప్రసన్నకుమారిగారు క్యారేజీ తీసి సంచిలో పెట్టుకోవడం నేను చూశాను.

"పై అంటే గుండ్రంగా, ముక్కలు కోసినట్టుండే బొమ్మ. ఇంగ్లీషు మాటండి," అన్నారు విశ్వనాథ్‌గారు. "చంద్రరావుగారూ, ఫోన్లో చెప్పానుగా. మీకు తెలుసనుకున్నాను."

చంద్రరావుగారు ఫ్యాను వైపు చూశారు. "నేనూ పైన అనే అనుకున్నానండి. కింద పెడితే మీ కంటికి ఆనదేమోనని..."

"పోనీ, ఆవకాయ ఒక్కదానికి ఇప్పుడు వేసి చూపించండమ్మా."

మేమంతా వెనకాల నిలబడ్డాం. విశ్వనాథ్‌గారు తెర మీద చూపించిన గుండ్రటి గుర్తు మీదికి ఆవిడ బాణం జరిపి, కళ్లు మూసుకుని నొక్కారు.

"పోయిందా అండీ?" అన్నారు, కళ్లు తెరవకుండానే.

"పోలేదండి," అన్నాను. "దిబ్బరొట్టె వచ్చింది."

నిజంగానే, ముక్కలు కోసిన దిబ్బరొట్టెలా తెర నిండా కూర్చుంది ఆవకాయ.

రాజమండ్రి పిల్ల మాట చంద్రరావుగారు మళ్లీ ఎత్తలేదు. ఆ పిల్ల వస్తే, పై అంటే ఏంటో దానికి ముందే తెలిసుంటుంది, తెలియంది ఆయనకేనని బయటపడుతుంది కదా! ప్రసన్నకుమారిగారికి మాత్రం భయం పోలేదు. ఆయన చార్టు అడిగినప్పుడల్లా లేచి నిలబడి, "పైనా అండీ, దిబ్బరొట్టా?" అంటారు.

ఆయన అటూ ఇటూ చూసి, "దిబ్బరొట్టేనమ్మా," అంటారు, గొంతు తగ్గించి.