తెరచాప గుడారం

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. నమ్మకపోవడం ఒక్కటే కాదు, నమ్మేవాళ్లతో పనిగట్టుకుని పోట్లాడేవాణ్ణి. మా వీధిలో ఒకావిడకి పూనకం వస్తే మొహాన చెంబుడు నీళ్లు కొట్టి, వీధి వీధంతా తిడుతుంటే నవ్వుతూ నిలబడ్డాను. ఇప్పుడు రాయబోయేది ఇంకెవరైనా చెప్పి ఉంటే వాళ్లనీ అలాగే ఎద్దేవా చేసేవాణ్ణి. జరిగింది నాకు. అందుకే నోరు మూసుకుని ఇన్నేళ్లున్నాను.

అరవైల చివరి మాట. నేను విజయనగరంలో ఒక లారీ ఆఫీసులో గుమస్తాని. మా అప్ప రమణమ్మ నెల్లిమర్లలో కాపురం ఉండేది. అక్కని మేం అప్ప అనే పిలుస్తాం. ఆమె భర్త సింహాచలం అక్కడ జూట్ మిల్లులో మగ్గం మీద పని చేసేవాడు. ఆరడుగుల మనిషి. నవ్వినా, కేకలేసినా నాలుగిళ్ల అవతలికి వినిపించేది. చెయ్యి కూడా తొందర.

ఒకరోజు పెద్ద రోడ్డు మీద ఒక తెల్లవాళ్ల వ్యాను ఆగిపోయింది. మొగుడూ పెళ్లామూ. వ్యాను పైన కప్పిన పట్టా చిరిగి సామానంతా తడుస్తోంది. అటుగా వెళుతున్న మా బావ దబ్బనం, పురికొస తెచ్చి గంటలో కుట్టిచ్చాడు. వాళ్లు సంతోషపడి తామొచ్చిన దారి చేత్తో చూపించి, నలిగిపోయిన మ్యాపు ఒకటి ఇచ్చారు. లండన్ నుంచి నేల మీదే వచ్చారట. ఆ మ్యాపే మా కొంప ముంచింది.

"ఆల్లు రాగా నేంది మనం పోలేమేటిరా?" అని బావ పట్టుకున్నాడు. మ్యాపు గోడకి అంటించాడు. ఇంగ్లీషు పేర్లు నేను చదవాలి, ఆయన బొగ్గుతో గీత గియ్యాలి. బొంబాయి దాకా రైలు. అక్కణ్ణుంచి ఓడలో డెక్కు మీద పడుకుని బస్రా. తర్వాత దొరికిన బస్సో లారీయో పట్టుకుని ఇరాన్, టర్కీ, బల్గేరియా, యుగోస్లావియా. లాడ్జీ గడప తొక్కకూడదు, హోటల్లో తినకూడదు. చోడిపిండి, అటుకులు, తాండ్ర, ఎండుచేపలు మోసుకుపోవాలి. రాత్రుళ్లు సొంత గుడారంలో పడుకోవాలి. నాకు టైపు వచ్చు కాబట్టి ఎంబసీలన్నిటికీ నేనే ఉత్తరాలు కొట్టాను. జవాబు కవరు వస్తే చదవడం రాకపోయినా బావ దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

నిజం చెప్పాలంటే నాకు వెళ్లాలని లేదు. అప్ప మెలిక పెట్టింది.

"ఒక్కడ్నీ పంపను. సూరిగాడు కూడా వస్తేనే ఎల్లు" అంది ఆయనతో. నావైపు తిరిగి, "ఒరే, ఈ మనిసికి కోపమొస్తే ఒల్లు తెలీదు. దేశం కాని దేశంలో ఎవడి మీదకో ఎల్తాడు. ఒంటి మీద దెబ్బ పడకుండా సూసుకోడానికి నువ్వు ఉండాల" అంది.

సరే అన్నాను. అప్ప అడిగితే కాదనే అలవాటు నాకు లేదు. లోపల మాత్రం ఈ పిచ్చి ఎలాగైనా ఆగిపోతే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి.

గుడారం దగ్గర చిక్కొచ్చింది. గోనెగుడ్డతో కుడితే వానకి కారిపోయింది. మిల్లులో ఎవరో, పాత తెరచాప అయితే చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి ఉంటుంది, చుక్క దిగదు అన్నారు. టెక్కలి వెళ్లి అక్కణ్ణుంచి సముద్రపొడ్డున భావనపాడు పోయాం. ఎర్రయ్య అనే ఆయన ఇసుకలో తెరచాప ఆరేసి ఉన్నాడు. బేరం తొందరగానే కుదిరింది. మడతపెట్టబోతుంటే ఆయన కాలు అడ్డం పెట్టాడు.

"ఉండండి బాబూ. మాయమ్మ సంతకెల్లింది. అదొచ్చి మూల సింపాల. ఆ ముక్క సముద్రంలో ఒగ్గేసినాక మీరు పట్టుకెల్లండి."

వాళ్లలో అది పద్ధతట. తెరచాప పడవ వాళ్ల చేతిలోంచి బయటి చేతికి పోయేటప్పుడు ఆ ఇంటి పెద్దావిడ ఒక మూల చింపాలి. మేం పొలాల వాళ్లం, మాకేం తెలుసు? బావకి వేరే లెక్క. మూల పోతే తాడు కట్టే కన్నం పోతుంది, మళ్లీ కుట్టుకోవాలి. పైగా బస్సు వెళ్లిపోతుంది.

"డబ్బులిచ్చి సింపించుకోడమేటి?" అని కసిరాడు.

"సింపకపోతే దానికి తెలీదు గదా బాబూ, పడవ దిగినానని" అన్నాడు ఎర్రయ్య. బావ ఆయన్ని భుజం పట్టుకుని పక్కకి తోసేశాడు. ఎర్రయ్య ఇసుకలో పడ్డాడు. నేను మడత భుజానికెత్తుకుని బస్సు కోసం పరుగెత్తాను. తోసింది బావే అయినా నవ్వింది నేను.

ఆ తర్వాత బావ కూర్చుని గుడారం కుట్టాడు. చూడముచ్చటగా వచ్చింది. బయల్దేరే ముందు ఒకసారి పరీక్ష చెయ్యాలని, రెండు రోజులు శృంగవరపుకోట దాటి కొండ కింద ఉందామన్నాడు. నక్సలైట్ల గొడవ మూలాన ఆ రోజుల్లో కొండల వైపు మూటలు కట్టుకుని తిరిగేవాళ్లంటే అందరికీ అనుమానమే. వద్దంటే వినలేదు.

శృంగవరపుకోటలో బస్సు దిగి టీ తాగుతుంటే నేను ఉండబట్టలేక చెప్పేశాను. నేను రాను, ఉద్యోగం వదులుకోలేను, అప్పకి నువ్వే చెప్పుకో అన్నాను. బావ గ్లాసు కింద పెట్టి నా చెంప మీద కొట్టాడు. పదిమంది చూస్తుండగా. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. నేను తిరిగి కొట్టలేదు. కొట్టాలని చేతులు రెండూ పీకాయి. వీడి కాళ్లూ చేతులూ విరిగితే పీడా పోతుందని అనుకున్నాను. ఇది దాచి మిగతాది రాస్తే అబద్ధం రాసినట్టే.

ఆయన ముందు, నేను వెనక, కొండ కింద చేరాం. మిట్టమధ్యాహ్నం. గుడారం వేశాం. నడుమ ఒకే ఒక్క వెదురు రాట. బావ లోపలికి పోయి తలుపుగుడ్డ తాళ్లు లోపలినుంచి ముడేసుకుని పడుకున్నాడు. నేను ముప్ఫై అడుగుల దూరంలో మూడు రాళ్లు పెట్టి అన్నం వండుతున్నాను. మేకలు తోలుకొచ్చిన ఒక ముసలావిడ ఎదురు బండ మీద కూర్చుని, "సర్వే బాబులేటి మీరు?" అని అడిగింది. ఆవిడతో ఏదో మాట్లాడుతున్నాను.

మొదట అరుపు కాదు, చప్పుడు. తడిసిన గోనె మూట కింద పడేసినట్టు. మళ్లీ ఒకటి. తిరిగి చూస్తే గుడారం గుడ్డ ఒక పక్కకి నిండుగా ఉబ్బి ఉంది. పొయ్యి పొగ నిటారుగా లేస్తోంది. ఆకు కదలడం లేదు. అది నేను బాగా గమనించాను.

అప్పుడు బావ గొంతు. "ఒరే సూరీ! సాలురా! ఒగ్గేరా! సచ్చిపోతాన్రా!"

నన్ను సాయానికి పిలుస్తున్నాడనే అనుకున్నాను. పరుగెత్తాను. తాళ్లు బిగుసుకుపోయాయి. లోపల దెబ్బ మీద దెబ్బ పడుతూనే ఉంది. పడినప్పుడల్లా నా చేతి కింద గుడ్డ అదురుతోంది. పళ్లతో కొరికి ముడి తెంచాను. లోపల బావ ఒక్కడే ఉన్నాడు.

ఎడమ చెయ్యి మోచేతి కింద వెనక్కి తిరిగిపోయి ఉంది. కనుబొమ్మ చీలి ఎముక తెల్లగా కనిపిస్తోంది. చెవి సగం వేలాడుతోంది. పై పళ్లు మూడు నాలిక మీద ఉన్నాయి. రక్తం చుట్టూ గుడ్డ మీద చిమ్మి ఉంది, పైకప్పు మీద కూడా. నేను వంగి పట్టుకోబోతే ఆ ఆరడుగుల మనిషి వెనక్కి పాకాడు. నా రొమ్ము మీద తన్నాడు. "సంపకురా బాబూ, నీ కాల్లట్టుకుంటాను" అని ఏడ్చాడు.

ముసలావిడ కేకలు పెడితే పొలంలో వాళ్లు వచ్చారు. బండెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో నా అరచేతులు మండుతున్నాయని తెలిసింది. చూసుకుంటే రెండు చేతుల్లోనూ పొక్కులు లేచి చితికిపోయి ఉన్నాయి. పొద్దున్న లేవు. కలం తప్ప ఏదీ గట్టిగా పట్టని చేతులు నావి. డాక్టరు అడిగితే పొయ్యి దగ్గర కాలిందన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలీదు. భయమేసింది.

"దేంతో కొట్టారు?" అని డాక్టరు నన్నే అడిగాడు. గుండ్రటి కర్ర కాదట. పలకలా వెడల్పుగా, ఒక అంచు పల్చగా ఉన్న చెక్క అయి ఉండాలట. గుడారంలో ఉన్నది వెదురు రాట ఒక్కటే. మేం వచ్చేసేటప్పటికి అది నిలబెట్టింది నిలబెట్టినట్టే ఉంది.

మాట వచ్చాక బావ అప్పకి చెప్పాడు. సూరిగాడే. నిలబడి కొట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ముఖం చూశాను, కళ్లు చూశాను, పొద్దున్న నేను కొట్టిన చెంప వాచి ఉంది, అది కూడా చూశాను, అన్నాడు బావ.

బావ అన్నదమ్ములు ఆ మేకల ముసలావిణ్ణి వెతికి అడిగారు. అరుపు ఇనిపించే దాకా ఆ బాబు పొయ్యికాడ నుంచి లేవనేలేదు, నాతో మాటాడతన్నాడు అని ఒట్టేసి చెప్పిందట. ముసలి కళ్లు, దీనికేం కనిపిస్తుందన్నారు. ఆఫీసు ముందు నన్ను రోడ్డు మీదకి ఈడ్చి, చెప్పులతో, సైకిలు చైనుతో కొట్టారు. రెండు పక్కటెముకలు విరిగాయి. ఆ దెబ్బలు తింటుంటే నాకు హాయిగా అనిపించింది. ఇంకా కొట్టమని అడిగానని చూసినవాళ్లు తర్వాత చెప్పారు. గుడారాన్ని కొండ కింద నుంచి తెచ్చి వాళ్లే నడివీధిలో తగలబెట్టారు.

లేవగలిగిన మొదటి రోజునే భావనపాడు వెళ్లాను. దెయ్యమనేది ఉంటే బాగుండునని నా జన్మలో మొదటిసారి కోరుకున్నాను. ఆ పడవ మీద ఎవడో ఎవణ్ణో తెడ్డుతో కొట్టి చంపి ఉండాలి. ఆ మాట వాళ్ల నోటితో వినాలి. విని అప్ప దగ్గరికి పరుగెత్తి చెప్పాలి.

ఎర్రయ్య తల్లి వాకిట్లో చేపలు ఎండేస్తోంది. అడిగాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. "మా పడవ మీద సావా? మా మావ కాలం నుంచి ఒక్క మనిసి పోనేదు బాబూ. మంచి పడవది" అంది. ఊళ్లో మరో నలుగురిని అడిగాను. అందరూ అదే మాట.

వచ్చేస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. తొక్క ఇంకా ఊడుతోంది. "పడవ తోలడం నేర్సుకుంటన్నావేటి? తెడ్డు కొత్తగా పట్టినోల్ల సేతులు ఇలాగే ఉంటాయి" అంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆవిడ కొడుకువైపు తిరిగి, "మూల సింపకుండా ఇచ్చినావేటిరా?" అని అడిగింది. ఎర్రయ్య తల వంచుకున్నాడు. నలభయ్యేళ్ల కొడుకు చెంపలు ఆవిడ నా ఎదురుగానే వాయించింది. చింపకపోతే ఏమవుతుందని ఎంత బతిమాలినా చెప్పలేదు. తలుపేసుకుంది.

బావ చెయ్యి మళ్లీ చక్కబడలేదు. మగ్గం మీద పని పోయింది. పాస్‌పోర్టులు ఆ తర్వాత వచ్చాయట. ఆయనది ఏం చేశాడో తెలీదు. ఇంకో ఇరవై రెండేళ్లు బతికాడు, నాతో మాట్లాడలేదు. నేను గది లోపలికి వస్తే ఆ పెద్ద మనిషి లేచి గోడకి జారబడి నిలబడేవాడు. ఆ ఒక్కటీ చూడలేక వెళ్లడం తగ్గించాను.

ఆయన పోయాక, పన్నెండో రోజు భోజనాలయ్యాక, అప్ప నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఒరే తమ్ముడూ. ఆ ముసల్ది సెప్పింది నాను నమ్మినాను. ఇన్నేల్లూ ఆయన్తో నీ కోసం దెబ్బలాడినాను. ఇప్పుడు ఆయన పోనాడు. నీ నోటితో ఒక్కసారి సెప్పు. నువ్వు కొట్టనేదు గదా?"

ఆ రోజు నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. చేతిలో గరిటె ఉంది, అన్నం ఇంకా ఉడకలేదు. ఇది నిజం. బావ అబద్ధం చెప్పే మనిషి కాదు. అదీ నిజమే. ఈ రెండూ ఒకే మధ్యాహ్నం ఎలా ఇమిడాయో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

లేదప్పా అంటే సరిపోయేది. ఆమె కూడా అంతే కోరుకుంది. నోరు తెరిచాను. ఎంత ప్రయత్నించినా ఆ మాట రాలేదు.

 అప్ప లేచి నా చెప్పులు తెచ్చి గడప బయట పెట్టింది.