పంచదారమ్మ రెండు చుక్కలు

మా వదిన పసిపిల్లల వార్డులో నర్సు. అక్కడ అందరూ ఆమెను పంచదారమ్మ అంటారు. మడమకు సూది గుచ్చి రక్తం తీయాల్సి వస్తే ముందు పిల్ల నాలుక మీద తీపి మందు రెండు చుక్కలు వేస్తుంది. అది చప్పరిస్తూ పిల్ల కుదుటపడేదాకా ఆగుతుంది. "నొప్పి వాళ్లకీ తెలుస్తుంది. చెప్పలేరు, అంతే," అంటుంది. చుక్కలు వేసేటప్పుడు తనకు తెలియకుండానే తనూ నోరు తెరుస్తుంది. చూసేవాళ్లూ తెరుస్తారు.

దేవుడి దయవల్ల ఆమెకు మనవరాలు పుట్టింది. కానీ పిల్ల ఒళ్లు పచ్చబడింది. కామెర్లు ఎంతున్నాయో చూడాలంటే మళ్లీ రక్తం తీయాలి. పిల్ల తల్లి, అంటే వదిన కూతురైన మా మేనకోడలేమో బిడ్డను గుండెకు హత్తుకుని వదలడం లేదు.

"నిన్న నువ్వు సెలవు. ఎవరో హడావిడిగా గుచ్చేసి పోయారు. నా తల్లి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక ఇవ్వను," అంది.

"పరీక్ష చేయకపోతే కామెర్లు తగ్గించే లైటు కింద పెట్టాలో లేదో ఎలా తెలుస్తుందే? ఈసారి అలా ఏడిస్తే నా పేరు మార్చుకుంటా."

"నీ పేరు ఎప్పుడో మార్చేశారు కదమ్మా."

చివరికి రాజీ కుదిరింది. పిల్ల తండ్రి, వదిన అల్లుడు, చొక్కా విప్పి కూర్చున్నాడు. పిల్లను అతని ఛాతీ మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఒక్క పాదం బయట ఉంచారు. అతనికి సూదంటే చచ్చేంత భయం. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఎందరు పిల్లల్నో చూసిన వదిన ఆ రోజు మనవరాలి పాదం మీదే కళ్లు పెట్టి మందు పైకెత్తింది. అలవాటుగా నోరు తెరిచింది. నేనూ తెరిచాను. కళ్లు మూసుకున్న అల్లుడూ భయంతో తల వెనక్కి వాల్చి నోరు తెరిచాడు. చుక్కలు రెండూ నేరుగా అతని నోట్లో పడ్డాయి.

"అత్తయ్యా, తియ్యగా ఉందేమిటి?" అన్నాడు పాపం.

మేనకోడలు పొట్ట మీది ఆపరేషన్ కుట్లు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "నవ్వించకండి, నొప్పి," అంటూనే నవ్వింది. నేను మంచం కోడు పట్టుకుని కూలబడ్డాను. వదిన మాత్రం కొత్త చుక్కలు తీసి, ఈసారి సరైన నోరు వెతికి వేసింది. పిల్ల చప్పరిస్తుంటే ఓపిగ్గా ఆగి, పని చూసుకుంది. పిల్ల కాస్త మొహం చిట్లించింది. మళ్లీ చప్పరింపులో పడింది.

మేనకోడలు కళ్లు తుడుచుకుని, "సరే, ఇక గుచ్చమ్మా. నేను చూడను," అంది.

"గుచ్చడమూ అయింది, కట్టు వేయడమూ అయింది," అంది వదిన, రక్తం తీసిన చిన్న సీసా చూపిస్తూ.

మేనకోడలు తల్లి చేయి తీసుకుని కళ్లకద్దుకుంది.

అల్లుడు ఇంకా కళ్లు తెరవలేదు. "అత్తయ్యా, నాకింకా భయంగానే ఉంది. ఇంకో రెండు చుక్కలు ఉంటే..." అని నోరు తెరిచాడు.